చేతులు మారిన రాగిరేకులు

విశాఖపట్నం పేరుతో లోకానికి తెలిసిన రాగి శాసనాల్లో చోడగంగదేవుడివే మూడున్నాయి. తూర్పు గాంగరాజు అనంతవర్మ చోడగంగుడు శక సంవత్సరాలు 1003, 1040, 1057లలో, అంటే ఇంచుమించు క్రీ.శ. 1081, 1118, 1135లలో, ఇచ్చిన దానపత్రాలవి. జె.ఎఫ్. ఫ్లీట్ 1889లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వాటిని అచ్చువేశాడు. అప్పటి నుంచి గాంగుల చరిత్ర ఎవరు రాసినా ‘వైజాగపటం ప్లేట్లు’ అనే మాట లేకుండా రాయలేదు. వన్‌టౌన్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా ఉన్న మన ఇరుకు సందుల్లో మాత్రం ఆ పేరు ఎవరి నోటా వినపడదు.

పూర్ణా మార్కెట్ ఊసు ఎత్తడానికి కారణం ఉంది. టౌన్ కొత్తరోడ్డు దగ్గర, పాత ఊరి నడిబొడ్డున, తీరం సరుకూ ఏజెన్సీ సరుకూ చేతులు మారే చోటది. ఇలాంటి బజార్లలో రాగికి ఉన్న విలువ తూకం విలువే. తరతరాలుగా రాగిని తూకానికే కొన్నాం, పాతబడితే తూకానికే వేశాం. ఈ ఒక్క అలవాటు మన ప్రాచీన న్యాయపత్రాల్లో ఎన్నింటినో కొలిమికి పంపింది. మిగిలినవి ఎలా మిగిలాయి, వాటి మీది లిపి ఎన్ని రూపాలెత్తింది, అవి ఎవరి ఇంట్లోంచి ఎవరి బీరువాలోకి చేరాయి అని పదిహేను వందల ఏళ్ళు వెనక్కి చూస్తే నాకు ఒకటే సంగతి కనిపిస్తుంది. రాత చదవగలిగినవాడి చేతికే రేకు చేరుతూ వచ్చింది. చదువు తప్పిన ఇంట హక్కూ నిలవలేదు.

మన వైపు తొలి మధ్యయుగపు చట్టం తాటాకు మీద కన్నా రాగి మీదే ఎక్కువ మిగిలింది. ఈ ఉక్కపోతలో, ఈ చెదల మధ్య తాటాకు కొన్ని వందల ఏళ్ళకు మించి బతకదు. బతికించుకోవాలంటే ఎప్పటికప్పుడు కొత్త ఆకు మీదికి ఎక్కించుకోవాలి. ధర్మశాస్త్ర గ్రంథాలు అలాగే బతికాయి. భూమి హక్కు చెప్పే పత్రానికి ఆ వీలు లేదు. నకలు రాసుకుంటే రాజముద్ర ఉండదు, ముద్ర లేని పత్రం చెల్లదు. అందుకే రాగి. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలో దీనికి స్పష్టమైన విధి ఉంది. భూమి ఇచ్చే రాజు రాబోయే మంచి రాజులకు తెలిసేలా దాన్ని రాయించాలి. గుడ్డ మీదగానీ రాగిరేకు మీదగానీ రాయించి, తన ముద్ర వేసి, తన వంశమూ దానం తీసుకున్నవాడి వివరమూ భూమి కొలతా హద్దులూ చెప్పి, చేవ్రాలు చేసి, తేదీ వేసి ఇవ్వాలి. ఈ శ్లోకాలకు వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు మరో మాట తేల్చాడు: భూమిని దానం చేసే అధికారం రాజుదేగానీ దాని ఆదాయం అనుభవించే అధికారిది కాదు. కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో ఆయన మితాక్షర రాస్తున్న ఆ రోజుల్లోనే ఇక్కడ చోడగంగుడు రేకులు చెక్కిస్తున్నాడు. నూరేళ్ళు దాటాక, 13వ శతాబ్దిలో, మూలఘటిక కేతన మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో న్యాయశాస్త్రానికి అది తొలి మెట్టు. కవిత్వం మాట వచ్చినప్పుడల్లా తిక్కన పేరు చెప్పే మనం ఆయన సమకాలికుడైన కేతనను ఎందుకు పక్కన పెడతామో నాకు అర్థం కాదు.

రాగిరేకు రూపంలోనే తాటాకు జ్ఞాపకం ఉంది. అడ్డంగా సాగిన సన్నని పలక, ఒక పక్క కంత, కంతలోంచి దూర్చిన కడియం. తాటాకు కట్టకు తాడు ఎక్కడుంటుందో ఇక్కడ కడియం అక్కడుంటుంది. మామూలుగా మూడు రేకులు. మొదటి రేకు పైవైపు ఖాళీగా వదిలేస్తారు, లోపలి రాత అరగకుండా. అంచులు కొంచెం పైకి మలుస్తారు, అదీ అక్షరాల రక్షణకే. కడియం రెండు కొసలనూ కలిపి ముద్దగా పోసి దాని మీద ముద్ర వేస్తారు. గాంగుల ముద్ర మీద నంది, వేంగీ చాళుక్యుల ముద్ర మీద వరాహం. కడియం కోయకుండా మధ్యలో ఒక రేకు తీసి మరొకటి పెట్టడం కుదరదు. అంటే మోసానికి తాళం వేసినట్టే.

లోపలి మాటల క్రమం కూడా దాదాపు స్థిరం. స్వస్తి వాచకం, ఏ ఊరి నుంచి ఇస్తున్నారో ఆ పేరు, రాజు పొగడ్త, ఊరి పెద్దలకూ రైతులకూ ఆజ్ఞ, గోత్రంతో సహా దానం పట్టినవాడి పేరు, పన్నుల మినహాయింపు, హద్దులు, శాపాలు, తేదీ, రాసినవాడి పేరు. పొగడ్తలో సముద్రాలు దాటే సంస్కృతం హద్దుల దగ్గరికి వచ్చేసరికి నేల మీద నడుస్తుంది. పుట్ట, గట్టు, చెరువు, చింతచెట్టు, పాతిన రాయి, పక్క ఊరి పొలిమేర. ఈనాటి సర్వే గొలుసుకు పూర్వం ఊరి మనుషులు కాళ్ళతో తిరిగి చూపించిన దారి అది. చరిత్రకారులు వంశావళి కోసం రేకు చదువుతారు. ఎవరికి వారు తమ ఊరి కోసం చదవాలంటే హద్దుల పాఠమే చదవాలి.

ఇక లిపి. గాంగ శకం సుమారు క్రీ.శ. 498లో మొదలైందని ఎక్కువమంది పండితుల లెక్క. ఆ శకం 87వ ఏట ఇంద్రవర్మ ఇచ్చిన అచ్యుతాపురం శాసనం ముఖలింగం దగ్గర దొరికింది. దాన్ని రాసినవాడు భానుచంద్రుని కొడుకు వినయచంద్రుడు. 91వ ఏటి పర్లాకిమిడి శాసనంలోనూ అదే చేతివాటం, అదే పేరు. 128వ ఏటికి వచ్చేసరికి శ్రీకాకుళం రేకుల మీద వినయచంద్రుని కొడుకు ఆదిత్యుడు రాస్తున్నాడు. నలభై ఏళ్ళ పాటు ఒక రాజ్యపు భూమి హక్కులు ఒక్క ఇంటి కలం మీదుగా నడిచాయి! రాజుల పేర్లు పిల్లలచేత బట్టీ పట్టించే మన పాఠ్యపుస్తకాల్లో ఈ తండ్రీకొడుకులకు ఒక్క వాక్యమైనా దక్కాలి. వాళ్ళ రాతలోని తలకట్లూ గుండ్రదనమూ చూస్తే తెలుగు అక్షరం పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి.

అదే కాలానికి దక్షిణం నుంచి మరో చేయి వచ్చింది. కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యం నెలకొల్పాక ఇచ్చిన శాసనాల్లో ఒకటి ఎలమంచిలి వైపు తిమ్మాపురంలో, ఒకటి విజయనగరం జిల్లా చీపురుపల్లిలో దొరికాయి. చీపురుపల్లి రేకులు ఆయన 18వ రాజ్యసంవత్సరానివి. చంద్రగ్రహణం నాడు ఇచ్చిన దానం కాబట్టి గ్రహణం లెక్కగట్టి దాన్ని క్రీ.శ. 632గా తేల్చారు. కశింకోటలో దొరికిన చాళుక్య భీముని రేకుల్లో ‘ఎలమంచి కళింగదేశం’ అన్న మాట, అందులో దేవరాష్ట్రం అనే విషయం (ఆనాటి జిల్లా) కనిపిస్తాయి. నాలుగో శతాబ్దిలో సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద కుబేరుడనే రాజు ఏలుతున్నట్టు చెప్పిన దేవరాష్ట్రం ఇదేనని గుర్తించడానికి ఆ రేకే ఆధారం. అనకాపల్లి పక్క ఊళ్ళో దొరికిన రాగిముక్క అంత దూరపు స్తంభానికి చిరునామా చెప్పింది.

వేంగి చేయీ కళింగపు చేయీ ఉత్తరాది నాగరీ ఒకే నేల మీద కలిస్తే ఏమవుతుంది? 11వ శతాబ్దిలో వజ్రహస్తుని కాలపు పర్లాకిమిడి రేకులు దీనికి జవాబు. శాసన పండితుడు కీల్‌హార్న్ వాటి అక్షరాలను ఓపిగ్గా లెక్కపెట్టాడు. మొత్తం 730 అక్షరాలకు 320 నాగరిలో, 410 దక్షిణాది లిపుల్లో ఉన్నాయి. ఒక్కో అక్షరానికి రెండేసి, మూడేసి, నాలుగేసి రూపాలు. తనకు ఇన్ని లిపులు వచ్చునని రాయసగాడు చూపించుకున్నాడని బ్యూలర్ భావించాడు. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. నాకు మాత్రం అందులో సరిహద్దు ఊళ్ళ జీవితం కనిపిస్తుంది. ఇటు తెలుగు, అటు ఒడ్ర దేశం, కొండల్లో సవరలు, గుళ్ళో సంస్కృతం. ఎవరికి ఏ అక్షరం అలవాటైతే ఆ అక్షరం. ఈనాటికీ ఇచ్ఛాపురం దాటితే దుకాణాల బోర్డులు రెండు లిపుల్లో ఉంటాయి.

దక్షిణాన రాజమహేంద్రవరంలో అప్పుడే మరో గొప్ప రేకు తయారైంది. రాజరాజనరేంద్రుడు తన 32వ రాజ్యసంవత్సరంలో, సుమారు 1053లో, నారాయణభట్టుకు ఇచ్చిన నందంపూడి శాసనమది. మహాభారత రచనలో నన్నయకు తోడు నిలిచిన నారాయణభట్టు ఆయనే. శాసన పాఠం కూర్చింది నన్నయభట్టు, చెక్కింది గండాచార్యుడు. ఆదికవి చేసిన దస్తావేజు అది. కవిత్వం వేరు, కచేరీ రాత వేరు అని అనుకునే మనం ఆ శాసనాన్ని ఒకసారి చూడాలి.

11వ శతాబ్ది ముగిసేసరికి రాత రాగి నుంచి గోడకు మళ్ళసాగింది. 1090 నాటి శిలాశాసనం మన ఊరిని విశాఖపట్టణమనీ కులోత్తుంగచోళపట్టణమనీ రెండు పేర్లతో పిలిచింది. సింహాచలం గోడల మీద అదే శతాబ్ది చివరి నుంచి వందల శాసనాలు ఎక్కాయి. వాటిని 1928లో దక్షిణభారత శాసనాల ఆరో సంపుటంలో ప్రచురించారు. ఈ మార్పు చాలా పెద్దది. రాగిరేకు ఒక కుటుంబం ఇంట్లో ఉంటుంది, అవసరమైతే తీసి చూపిస్తారు. గుడి గోడ మీది రాత దేవుడి సొత్తు, వచ్చినవాడల్లా చూస్తాడు. ఎవరూ తీసుకుపోలేరు, తూకానికి వేయలేరు. భాష కూడా తెలుగులోకి దిగింది. ఎంత వడ్డికి ఎన్ని మాడలు, ఎన్ని దీపాలు, ఎన్ని ఆవులు అన్నది ఊరివాళ్ళకు అర్థం కావాలి కదా.

రాగిరేకు యజమానుల సంగతి చూద్దాం. దానం పట్టినవాళ్ళు ఒకరైతే సరే, చాలా రేకుల్లో పదులకొద్దీ వాటాదారులుంటారు. కడియం ఒకటే, ముద్ర ఒకటే. ఎవరో ఒకరి ఇంట్లో భద్రపరచాలి. రెండు మూడు తరాలకు కుటుంబాలు చీలుతాయి, కరువుకో దండయాత్రకో ఊరు లేచిపోతుంది. పారిపోయేవాడు బరువైన పత్రాన్ని కుండలో పెట్టి నేలలో దాస్తాడు. అందుకే ఇన్ని రేకులు నాగలికి తగిలాయి. దాచినవాడు తిరిగి రాలేదన్న మాట ప్రతి నాగలి దొరుకు వెనకా ఉంది.

దొంగ రేకులు కూడా ఎప్పటి నుంచో ఉన్నాయి. కూటశాసనం చేసినవాడికి మనుస్మృతి మరణదండన చెప్పింది. హర్షుడి మధుబన్ శాసనంలో, 631లో, వామరథ్యుడనే బ్రాహ్మణుడు దొంగ శాసనంతో సోమకుండక గ్రామాన్ని అనుభవిస్తున్నాడని తేలితే ఆ రేకును విరగ్గొట్టించి ఊరిని వేరే ఇద్దరికి ఇచ్చినట్టు రాసి ఉంది. పాత రాత సాగగొట్టి చెరిపి మళ్ళీ చెక్కిన రేకులూ పరిశోధకులకు దొరికాయి. శాసనం చివర భూమి అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడన్న శాపం ఊరికే రాయలేదు. అపహరణ అంత మామూలుగా జరిగేది.

కాలక్రమాన లిపి మారిపోయింది. పదిహేనో శతాబ్ది పండితుడికి ఏడో శతాబ్ది అక్షరం కొరుకుడు పడదు. ఇంట్లో ఉన్న రేకు అప్పుడే ప్రాణం కోల్పోయింది. కొందరు దేవుడి పీట మీద పెట్టి పసుపు కుంకుమ అద్దారు, కొందరు నిధికి దారి చెప్పే మంత్రమనుకున్నారు. చాలామంది కంచరివాడికి వేశారు. ఊళ్ళల్లో తీసిన రాగి చివరికి చేరేది పట్టణపు బజారుకే. మన పాత ఊరి పాత్రసామాను కొట్ల వెనక కరిగిన చెంబుల్లో ఎన్ని దానపత్రాలు కలిసిపోయాయో ఎవరూ చెప్పలేరు. కరిగించినవాడిని తప్పు పట్టలేం. అతని ముందుకు వచ్చింది చదవలేని గీతలున్న లోహం.

బ్రిటిషు పాలనలో రేకులు మళ్ళీ కచేరీ మెట్లెక్కాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ కూర్చుంది. ఎవరి మాన్యం నిజమైనది, ఎవరిది కాదు అని ఊరూరా విచారణ. అటకల మీంచి సనదులూ తాటాకులూ రాగిరేకులూ దిగాయి. అయితే కమిషన్ పాత పత్రం కన్నా ఎన్నేళ్ళుగా అనుభవంలో ఉందన్న దానికే ఎక్కువ విలువ ఇచ్చింది. రాజముద్ర చేయలేని పని గ్రామ లెక్కలు చేశాయి.

1878లో వచ్చిన నిక్షేపాల చట్టం మరో మలుపు. భూమిలో పది రూపాయలు మించిన విలువైనదేది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. సొంతదారుడెవరూ తేలకపోతే దొరికినవాడికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి ఇస్తుంది. అంటే చరిత్రకు చట్టం కట్టిన ధర లోహం ధర మీద ఇరవై శాతం. రైతు రేకును కలెక్టరు దగ్గరికి తీసుకుపోకుండా సంతకు తీసుకుపోవడానికి ఇదీ ఒక కారణమని నేను నమ్ముతాను.

ఈ దశలోనే చదివేవాళ్ళు తిరిగి వచ్చారు. 1886లో హుల్ట్ష్ మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడయ్యాడు. 1888లో ‘ఎపిగ్రాఫియా ఇండికా’ మొదలైంది. వెంకయ్య, కృష్ణశాస్త్రి వంటి మనవాళ్ళు ఆ శాఖను నిలబెట్టారు. వాళ్ళందరిలో నా మనసుకు దగ్గరైనవాడు గిడుగు రామమూర్తి పంతులు. ముఖలింగం పక్కనే పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడి బడిలో చరిత్ర చెప్పిన గిడుగు, గుడి గోడల మీది అక్షరాలు తనంత తానే నేర్చుకున్నారు. వజ్రహస్తుని నడగాం రేకులను ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో పరిష్కరించి ప్రకటించారు. వ్యావహారిక భాషోద్యమంలో ఆయన పట్టుదలకు పునాది ఈ చదువులోనే పడింది. రాళ్ళ మీద, రేకుల మీద తెలుగు ఎలా మారుతూ వచ్చిందో కళ్ళారా చూసినవాడు భాష మారకూడదంటే ఎలా ఒప్పుకుంటాడు?

తరువాత రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, రాళ్లబండి సుబ్బారావు గారి కృషి, మండలి పత్రికలో వరసగా అచ్చయిన కళింగ రేకులు, మల్లంపల్లి సోమశేఖరశర్మ పాండిత్యం. విశాఖలో పరవస్తు వెంకటరంగాచార్యులు కూడబెట్టిన ఆర్ష పుస్తక భాండాగారం తాటాకుల వైపు ఇదే పని చేసింది. 1962లో ఎన్. రమేశన్ హైదరాబాదు మ్యూజియంలోని రాగి శాసనాలను ఒక సంపుటంగా తెచ్చారు. రేకులు కొన్ని చెన్నై ఎగ్మూరులో, కొన్ని హైదరాబాదులో ఉన్నాయి. తీసిన నకళ్ళు ఊటీలోని శాసనశాఖలో ఉండి, 1966లో ఆ శాఖతో పాటు మైసూరు వెళ్ళాయి.

ఈ మధ్యలోనే రేకు చెప్పిన హక్కు చట్టప్రకారం తీరిపోయింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, 1956 ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం కలిసి, సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని రాసిన దానాలను రైత్వారీ పట్టాలుగా మార్చాయి. దున్నేవాడికి న్యాయం జరిగింది, నేను దాన్ని మనసారా ఆహ్వానిస్తాను. ఆ ఊళ్ళు దానమైనప్పుడు అక్కడ సాగు చేస్తున్నవాళ్ళ పేర్లు రేకుల మీద సాధారణంగా కనిపించవు. పన్ను ఇకపై ఫలానావాడికి కట్టండని వాళ్ళకు ఆజ్ఞ మాత్రమే ఉంది. ఇప్పుడు ఆ రేకు ఏ కోర్టులోనూ భూమి తెచ్చిపెట్టదు. అందువల్లే దాన్ని ఎవరికీ భయపడకుండా చదవొచ్చు. వైజాగపటం శాసనాల మంచి ఫొటోలు, తెలుగు లిపిలో పాఠం, వాడుక తెలుగులో అర్థం మన జిల్లాల బడులకు చేరాలి. చోడగంగుడి 1118, 1135 శాసనాల్లోని వంశావళి వివరాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. రెండూ పక్కపక్కన పెట్టి పదో తరగతి పిల్లలను చదవమంటే చరిత్ర ఎలా తయారవుతుందో వాళ్ళకే తెలుస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, అచ్చులో ఉన్న సరుకే.

కొత్త రేకులు ఇంకా దొరుకుతాయి. చెరువు పూడిక తీసేటప్పుడో పునాది తవ్వేటప్పుడో దొరికితే చింతపండు పెట్టి తోమకండి. పచ్చటి చిలుముతో పాటు అక్షరం అంచులూ పోతాయి. కడియం కోయకండి. పరిశోధకుల చేతికి వచ్చేసరికే కడియం తెగి ఉందన్న వాక్యం పాత నివేదికల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, కడియం తెగితే రేకుల వరసకూ ముద్రకూ సాక్ష్యం పోతుంది. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, దొరికిన చోటు గుర్తు పెట్టి, తహసీల్దారుకో పురావస్తుశాఖకో చెప్పండి. 1972 పురావస్తు చట్టం కింద వందేళ్ళు దాటిన వస్తువు, డెబ్బై అయిదేళ్ళు దాటిన చారిత్రక రాతప్రతి పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. ఇచ్చేటప్పుడు రసీదు అడగండి, రసీదులో రేకులెన్నో, తూకమెంతో, ఊరి పేరూ మీ పేరూ రాయించుకోండి.